టిప్పు కాదు... జీతం!

పెళ్లి బరాత్‌లో బ్యాండ్ వాళ్లను ఎప్పుడైనా గమనించారా? డ్యాన్స్ చేస్తున్న కుర్రాళ్లలో ఒకడు పది రూపాయల నోటు తీసి, పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పి, ట్రంపెట్ వాయిస్తున్నాయన జేబులో కుక్కుతాడు. ఆయన వాయించడం ఆపకుండానే తలూపుతాడు. ఆ ట్రంపెట్ అలా పలకాలంటే ఎన్నేళ్ల సాధన కావాలో ఎవరూ అడగరు. పది రూపాయలిచ్చాం, లెక్క సరిపోయింది అనుకుంటారు.

ఆ జేబులో నోటు సంగతి నాకు బీటెక్ అయిన ఏడాదే తెలిసొచ్చింది. ఓ చిన్న కంపెనీ 'టెస్ట్ అసైన్‌మెంట్' అంటూ ఒక పని ఇచ్చింది. మూడు వారాలు రాత్రీపగలూ కూర్చుని రాసిచ్చా. 'చాలా బాగుంది, కబురు చేస్తాం' అన్నారు. చేయలేదు. రెండు నెలల తర్వాత వాళ్ల యాప్ అప్‌డేట్‌లో నేను గీసిన స్క్రీన్లే కనిపించాయి. తిట్టుకున్నా, ఏడ్చినంత పనైంది. తప్పు వాళ్లదే. కానీ పని మొదలుపెట్టే ముందు 'దీనికి ఎంతిస్తారు?' అని నేను ఒక్క మాటైనా అడగలేదు. అడిగితే ఉన్న అవకాశం కూడా పోతుందేమోనని భయం. ఈ భయం మీలో చాలామందికి ఉంటుందని నాకు తెలుసు.

కొన్నేళ్ల తర్వాత, పాత గ్రామఫోన్ రికార్డుల్లోని గరగర శబ్దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్ల గురించి రాస్తూ 1919 నాటి ఓ మిలిటరీ బ్యాండ్ పాట విన్నా. వందేళ్ల కిందటిది. అయినా కాలు దానంతటదే ఆడింది. ఎవరీ బ్యాండ్‌మాస్టర్ అని వెతికితే ఓ పేరు తేలింది... జేమ్స్ రీస్ యూరప్. అవును, ఇంటిపేరే యూరప్. సంగీతం కోసం అతని కథ చదవడం మొదలుపెట్టా. చివరికి నేను నేర్చుకున్నది మాత్రం ఉద్యోగం గురించి.

మొబైల్ అనే ఊళ్లో పుట్టి...

జేమ్స్ 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పుట్టాడు. ఊరి పేరు మొబైల్. నల్లజాతి కుటుంబం. బానిసత్వం చట్టపరంగా రద్దయి అప్పటికి పదిహేనేళ్లే. తల్లికి సంగీతం వచ్చు. జేమ్స్‌కి పదేళ్ల వయసప్పుడు తండ్రికి తపాలా శాఖలో ఉద్యోగం రావడంతో కుటుంబం వాషింగ్టన్‌కి మారింది. అక్కడే అతనికి మిలిటరీ సంగీతంతో పరిచయం. అమెరికా మెరైన్ దళానికి ఉన్న బ్యాండ్ దేశంలోకెల్లా పేరున్నది. ఆ బ్యాండ్‌కి చెందిన ఓ సంగీతకారుడి దగ్గర జేమ్స్ వయొలిన్ నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్లప్పుడు సంగీత రచన పోటీలో రెండో బహుమతి కొట్టాడు. మొదటి బహుమతి ఎవరికనుకున్నారు? చెల్లెలు మేరీకి!

తండ్రి పోయాక, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ల వయసులో ఉద్యోగం వెతుక్కుంటూ న్యూయార్క్ వచ్చాడు. చేతిలో వయొలిన్, బుర్రలో శాస్త్రీయ శిక్షణ. కానీ నల్లజాతి వయొలినిస్టుకి అక్కడ పని లేదు. మన భాషలో చెప్పాలంటే సర్టిఫికెట్ ఉంది, 'ఓపెనింగ్స్' లేవు. జేమ్స్ వయొలిన్‌ని పక్కనపెట్టి మార్కెట్‌లో గిరాకీ ఉన్న మాండొలిన్, పియానో పట్టుకున్నాడు. తర్వాత నల్లజాతి కళాకారుల నాటక బృందాలకు సంగీత దర్శకుడయ్యాడు. ఒక్కో మెట్టూ ఎక్కాడు.

చీపురు పట్టుకుంటేనే వాయిద్యం

అప్పట్లో న్యూయార్క్ హోటళ్లలో ఓ చిత్రమైన పద్ధతి ఉండేది. నల్లజాతి సంగీతకారుణ్ని సంగీతకారుడిగా పనిలో పెట్టుకునేవారు కాదు. ఊడ్చడానికో, గిన్నెలు కడగడానికో, సామాన్లు మోయడానికో పెట్టుకునేవారు. ఆ పని అయ్యాక అతిథుల ముందు వాయించాలి. దానికి జీతం ఉండదు. వాళ్ల దయ కొద్దీ రాలే టిప్పులే ఆదాయం. సరిగ్గా మన బరాత్‌లో జేబులో కుక్కే నోటు లాంటిదే.

ఇందులో ఇంకో అవమానమూ ఉంది. జేమ్స్‌తో కలిసి పనిచేసిన పియానిస్టు యూబీ బ్లేక్ తర్వాతి రోజుల్లో చెప్పిన సంగతి ఇది. నల్లవాళ్లకు సంగీతం పుట్టుకతోనే వస్తుందని, స్వరలిపి చదవడం రాదని నమ్మడం తెల్ల అతిథులకు ఇష్టం. అందుకని వీళ్లు కొత్త పాటల కాగితాలు ముందే తెచ్చుకుని, చూసి, బట్టీపట్టి, విందులో మాత్రం కాగితం లేకుండా వాయించేవారట. చదువు వచ్చినా రానట్టు నటించడం! చదువుకున్నవాడికి ఇంతకంటే కష్టమైన పని ఉంటుందా?

1910లో జేమ్స్ మరికొందరితో కలిసి 'క్లెఫ్ క్లబ్' పెట్టాడు. తనే తొలి అధ్యక్షుడు. పేరుకు క్లబ్బే గానీ అందులో మూడు పనులు నడిచేవి. ఒకటి కార్మిక సంఘం, రెండోది కళాకారులు కలుసుకునే చోటు, మూడోది ఇప్పటి ప్లేస్‌మెంట్ సెల్ లాంటి బుకింగ్ ఆఫీసు. ఎవరింట్లోనైనా విందు ఉంటే క్లబ్బుకి ఫోన్ చేస్తే చాలు. ముగ్గురు కావాలన్నా ముప్పై మంది కావాలన్నా పంపేవారు. షరతులు మాత్రం ముందే చెప్పేవారు. మా వాళ్లు వాయించడానికి మాత్రమే వస్తారు, ఇంకో పని చెయ్యరు. ఇంత జీతం. రానుపోను ఖర్చులు మీవి. భోజనం, బస మీవి. అటువైపు నుంచి సంగీతకారులకూ షరతులుండేవి. వేళకు రావాలి, చక్కగా సూటు వేసుకోవాలి, పని తెలిసినవాళ్లే రావాలి.

ఒక్కో సంగీతకారుడు విడివిడిగా వెళ్లి అడిగితే 'నువ్వు కాకపోతే ఇంకొకడు' అనేవాళ్లు. అందరూ ఒకేచోట చేరి ఒకే రేటు చెప్పేసరికి ఆ 'ఇంకొకడు' దొరకలేదు. జేమ్స్ చేసిన అసలు పని ఇదే. తన జీతం ఒక్కటే పెంచుకుని ఊరుకోలేదు, రేటు కార్డునే మార్చేశాడు.

1912 మే 2న క్లెఫ్ క్లబ్ ఆర్కెస్ట్రా న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ ఎక్కింది. వంద మందికి పైగా వాద్యకారులు. మాండొలిన్లు, బాంజోలు, వరుసగా పియానోలు. అందరూ నల్లజాతివాళ్లే, ఎక్కువగా నల్లజాతి స్వరకర్తల పాటలే. హార్లెంలోని ఓ సంగీత పాఠశాల కోసం విరాళాలు సేకరించే కచేరీ అది. ఊడ్చే పనికి పిలిచిన నగరమే టికెట్ కొనుక్కుని వచ్చి వింది.

సైన్యంలో చేరినా బేరం బేరమే

1916 నాటికి జేమ్స్‌కి డబ్బుకీ పేరుకీ లోటు లేదు. అప్పట్లో ఊపు ఊపేసిన డ్యాన్స్ జంట వెర్నన్, ఐరీన్ క్యాజిల్‌కి సంగీతం అందించాడు. పెద్ద గ్రామఫోన్ కంపెనీకి రికార్డులు ఇచ్చాడు. అలాంటివాడు ఆ సెప్టెంబరులో 15వ న్యూయార్క్ పదాతి దళంలో మామూలు సిపాయిగా చేరాడు. హార్లెం నల్లజాతి యువకులతో కొత్తగా కడుతున్న రెజిమెంట్ అది. మన వాళ్లంతా ఒక్కచోట నిలబడి గౌరవం సంపాదించుకోవడానికి ఇలాంటి సంస్థ కావాలన్నది అతని ఆలోచన. పరీక్ష రాసి అధికారి అయ్యాడు. అదీ బ్యాండ్ కోసం కాదు, మెషిన్‌గన్ కంపెనీకి.

కానీ రెజిమెంట్ కమాండర్ కల్నల్ విలియమ్ హేవర్డ్ ఊరుకుంటాడా? సైన్యంలోనే మేటి బ్యాండ్ కట్టిపెట్టమన్నాడు. మంచి బ్యాండ్ వీధిలోకొస్తే కుర్రాళ్లు దాని వెంట వచ్చి సైన్యంలో చేరతారు, అదీ లెక్క. ఇక్కడ జేమ్స్ 'సరే సార్' అని తలూపలేదు. సైన్యం నిబంధనల ప్రకారం రెజిమెంట్ బ్యాండ్‌లో 28 మందే ఉండాలి. అంతమందితో మేటి బ్యాండ్ కాదు, కనీసం 44 మంది కావాలన్నాడు. పేరున్న వాద్యకారులు సిపాయి జీతానికి రారు, పైన డబ్బు కావాలన్నాడు. ఏది కావాలో, ఎందుకు కావాలో, ఎంతవుతుందో లెక్క కట్టి చెప్పాడు. హేవర్డ్ తన పరిచయస్తుల్ని అడిగాడు. డేనియల్ రీడ్ అనే పారిశ్రామికవేత్త ఒక్కడే 10,000 డాలర్ల చెక్కు రాసిచ్చాడు.

తర్వాత ఇంకో చిక్కు. న్యూయార్క్‌లోని నల్లజాతి వాద్యకారుల్లో ఎక్కువమంది తీగ వాద్యాలవాళ్లు. క్లారినెట్ లాంటివి బాగా వాయించేవాళ్లు కరువు. ఉన్నవాళ్లతో సర్దుకుపోలేదు జేమ్స్. 1917లో ఓడెక్కి ప్యూర్టోరికో దీవికి వెళ్లాడు. అక్కడి ఊళ్లలో పట్టణ బ్యాండ్ల సంప్రదాయం గట్టిది, కాగితం చూసి వాయించగలిగిన కుర్రాళ్లు దండిగా ఉన్నారు. కొద్ది రోజుల్లోనే డజనుకు పైగా వాద్యకారుల్ని ఎంపిక చేసి తీసుకొచ్చాడు. వాళ్లలో ఒకడైన రఫాయెల్ హెర్నాండెజ్ తర్వాతి కాలంలో లాటిన్ అమెరికా గర్వించే స్వరకర్త అయ్యాడు. ప్రతిభ ఎక్కడుందో తెలిసినవాడే మంచి టీమ్ లీడర్.

పాటతో దిగి, ఫిరంగుల మధ్యకు

ఒప్పందాలన్నీ పక్కాగా ఉన్నా అవమానాలు ఆగలేదు. 1917లో దక్షిణాదిలోని స్పార్టన్‌బర్గ్‌లో శిక్షణ. జేమ్స్ మిత్రుడు, గాయకుడు నోబుల్ సిస్సిల్ ఓ హోటల్‌లోకి పత్రిక కొనుక్కోవడానికి వెళ్తే, టోపీ తియ్యలేదని యజమాని కొట్టాడు. తోటి సైనికులు ఉడికిపోయి హోటల్ మీదకు వెళ్లబోయారు. జేమ్స్ అడ్డంపడి అందరినీ వెనక్కి పంపాడు. తిరగబడితే రెజిమెంట్ పేరే పోతుందని అతనికి తెలుసు. న్యూయార్క్ సైనికులకు జరిగిన వీడ్కోలు కవాతులో కూడా ఈ దళానికి చోటివ్వలేదు.

1918 జనవరి 1న ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవులో దిగగానే బ్యాండ్ ఫ్రెంచి జాతీయ గీతం అందుకుంది. రేవులోని ఫ్రెంచి సైనికులు కాసేపు కదల్లేదట. తమ గీతమేనని వెంటనే పోల్చుకోలేకపోయారు. లయ అంత కొత్తగా ఉంది. గుర్తుపట్టగానే ఠక్కున నిలబడి సెల్యూట్ చేశారు.

ఇంత ఘనంగా దిగినా అమెరికా సైన్యం ఈ రెజిమెంట్‌ని మొదట పోరాటానికి పంపలేదు. రైలు పట్టాలు వేయించింది, రేవుల్లో కూలి పని చేయించింది. మళ్లీ అదే చీపురు! చివరికి ఫ్రెంచి సైన్యానికి అప్పగించేశారు. 369వ పదాతి దళంగా పేరు మారింది. ఫ్రెంచి టోపీలు, ఫ్రెంచి తుపాకులు. యుద్ధరంగంలో 191 రోజులు నిలిచారు. 'హార్లెం హెల్‌ఫైటర్స్' అన్న పేరు వాళ్లకు ఆ యుద్ధంతోనే వచ్చింది. జేమ్స్ కూడా మెషిన్‌గన్ అధికారిగా కందకాల్లోకి వెళ్లాడు. జూన్‌లో విషవాయువు దాడిలో దెబ్బతిని ఆస్పత్రి పాలయ్యాడు. ఊపిరి అందని ఆ మంచంమీదే రాత్రి గస్తీ గురించి ఓ పాట కట్టాడు.

కోలుకున్నాక బ్యాండ్‌తో పారిస్ వెళ్లాడు. ఒక్క కచేరీ అనుకుంటే జనం వదల్లేదు. ఎనిమిది వారాలు అక్కడే ఉండాల్సొచ్చింది. ఫ్రాన్స్‌లో పేరుమోసిన ఓ సైనిక బ్యాండ్ నిర్వాహకుడు వీళ్ల స్వరలిపి కాగితం అడిగి తీసుకెళ్లాడు. వాళ్లు అచ్చంగా అదే వాయించారు. శబ్దం మాత్రం రాలేదు. వీళ్ల వాయిద్యాల్లో ఏదో మతలబు ఉందేమోనని వచ్చి పరీక్షించి చూశారట. ఈ ముచ్చట జేమ్సే అమెరికా తిరిగొచ్చాక ఓ పత్రికకు చెప్పాడు. కోడ్ కాపీ కొట్టొచ్చు గానీ, అది రాసిన చెయ్యిని కాపీ కొట్టలేమని మనం అనుకోవడం లేదూ? అదే.

ఆ రాత్రి బోస్టన్‌లో

1919 ఫిబ్రవరి 17. వెళ్లేటప్పుడు కవాతు దక్కని దళం, తిరిగొచ్చి న్యూయార్క్‌లోని ఫిఫ్త్ అవెన్యూ మీద కవాతు చేసింది. ముందు జేమ్స్ బ్యాండ్. దారి పొడవునా జనమే. ఎండ్ కార్డ్ ఇక్కడ పడితే సినిమాలా ఉండేది.

ఆ వసంతంలో బ్యాండ్ ఊరూరా కచేరీలు చేసింది. నేను విన్న రికార్డు కూడా అప్పటిదే. మైకులు లేని రోజులు. పెద్ద గరాటు లాంటి కొమ్ము ముందు అందరూ కిక్కిరిసి నిలబడి వాయిస్తే, ఆ శబ్దం తాకిడికే సూది కదిలి మైనం మీద గాడి గీసేది. అలా రెండు డజన్ల పాటలు మిగిలాయి.

మే 9న బోస్టన్‌లో కచేరీ. బ్యాండ్‌లోని డ్రమ్మర్ హెర్బర్ట్ రైట్‌కి, జేమ్స్ తనను సరిగా చూడటం లేదని, తనతో వాయించే జోడీకే మొగ్గు చూపుతున్నాడని కోపం. విరామ సమయంలో గదిలో మాటామాటా పెరిగింది. రైట్ చిన్న చాకుతో మెడ మీద పొడిచాడు. గాయం చిన్నదేననుకున్నారు. కచేరీ ఆపొద్దని చెప్పి జేమ్స్ ఆస్పత్రికి వెళ్లాడు. ఆ రాత్రే పోయాడు. 39 ఏళ్లు.

ఈ భాగం చదివినప్పుడు ఆ రోజంతా మనసు బాగోలేదు. యుద్ధం నుంచి ప్రాణాలతో వచ్చినవాడు తన సొంత బృందంలో మనిషి చేతిలో పోయాడు. న్యూయార్క్ నగరం బహిరంగ అంత్యక్రియలతో సాగనంపింది. అప్పటిదాకా ఆ నగరంలో ఏ నల్లజాతి మనిషికీ దక్కని గౌరవమది. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు. వందేళ్లు దాటాక, 2021లో, ఆ రెజిమెంట్‌కి అమెరికా కాంగ్రెస్ స్వర్ణ పతకం ఇస్తూ చట్టం చేసింది. ఆలస్యంగానైనా బాకీ చెల్లింది.

మనకేంటి?

మనలో ఎంతమంది సైనిక బ్యాండ్‌లో చేరతారు? చాలా తక్కువ. కానీ 'నీ పని బాగుంది, డబ్బు సంగతి తర్వాత చూద్దాం' అనే మాట వినని ఫ్రెషర్ ఉండడు. ఇంటర్న్‌షిప్ అంటారు, ఎక్స్‌పోజర్ అంటారు, 'పోర్ట్‌ఫోలియోకి పనికొస్తుంది' అంటారు. పేరు ఏదైనా, లోపల ఉన్నది టిప్పే.

జేమ్స్‌ని చదివాక నేను ఓ అలవాటు చేసుకున్నా. పని మొదలుపెట్టే ముందే మూడు ప్రశ్నలు మెయిల్‌లో అడుగుతా. పని ఎంత? డబ్బు ఎంత, ఎప్పుడు? చేసినదాని మీద పేరు, హక్కు ఎవరిది? అడిగినప్పుడు గొంతు పెంచక్కర్లేదు. టెస్ట్ అసైన్‌మెంట్ ఇస్తే 'ఒక రోజు పని వరకు సంతోషంగా చేస్తానండీ, అంతకంటే ఎక్కువైతే పారితోషికం గురించి ముందు మాట్లాడుకుందాం' అంటే చాలు. ఈ మాటకే మొహం చాటేసే కంపెనీ, మూడు వారాలు ఊరికే పని చేయించుకుని చాటేసే కంపెనీ కంటే నయం. మన మూడు వారాలు మిగులుతాయి. నాకలా రెండు అవకాశాలు చేజారాయి. మూడోది నిలబడింది.

అయితే ఒంటరిగా అడిగేవాడి గొంతు ఎప్పుడూ సన్నగానే ఉంటుంది. క్లెఫ్ క్లబ్ రహస్యం అదే కదా. మీ బ్యాచ్‌లో పదిమంది కలిసి ఏ కంపెనీ ఏం ఇస్తోంది, ఏ కంపెనీ ఊరికే పని చేయించుకుంటోంది అని నిజాయతీగా చెప్పుకుంటే చాలు, మీ తర్వాతి బ్యాచ్ మోసపోదు. జీతం చెప్పుకోవడం సిగ్గుపడే విషయం కాదు. ఆ సిగ్గు వల్ల లాభం మనకు మాత్రం రాదు.

ఇంకొక్కటి. జేమ్స్ అడగ్గలిగాడంటే, ఇవ్వడానికి అతని దగ్గర సరుకుంది. అతని వాళ్లు వేళకు వచ్చేవారు, కాగితం చదవగలిగేవారు, వాయిస్తే ఎదుటివాడు వాయిద్యం తిప్పి చూసుకోవాల్సొచ్చేది. సరుకు లేకుండా షరతులు పెడితే నవ్వుతారు. సరుకుండీ షరతులు పెట్టకపోతే జేబులో పది రూపాయలు కుక్కి పోతారు.

ఈసారి బరాత్‌లో ఆ ట్రంపెట్ ఆయన కనిపిస్తే, నోటు తిప్పడం కాదు, పాట అయ్యాక దగ్గరికెళ్లి ఎక్కడ నేర్చుకున్నారని అడగండి. సమాధానం వింటే మీకే తెలుస్తుంది, ఆయన జీతం ఎంత ఉండాల్సిందో.

వాయిద్యం వచ్చా? మన దగ్గరా ఉద్యోగాలున్నాయి

మన త్రివిధ దళాలకూ సొంత బ్యాండ్లున్నాయి. ఏటా జనవరి 29న దిల్లీలో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో వినిపించేది వాళ్లే. అగ్నిపథ్ పథకం కింద వాయుసేనలో అగ్నివీర్‌వాయు (మ్యుజీషియన్), నౌకాదళంలో అగ్నివీర్ ఎంఆర్ (మ్యుజీషియన్) నియామకాలు జరుగుతున్నాయి. పదో తరగతి పాసైన అవివాహితులు అర్హులు. పదవీకాలం నాలుగేళ్లు. ఏదో ఒక వాయిద్యంలో గట్టి పట్టుండాలి, శ్రుతి పట్టగలగాలి. దేహదారుఢ్య, వైద్య పరీక్షలు తప్పవు. సైన్యం సంగీతకారులకు శిక్షణ మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంటుంది. వయోపరిమితి, అనుమతించే వాయిద్యాల జాబితా ప్రతి నోటిఫికేషన్‌లో ఇస్తారు. దళాల అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామనే మధ్యవర్తులకు పైసా ఇవ్వకండి.